షరాబు తాత, రెండు అమెరికా బేడలు

రంగూను లమ్మడా పేటలో మా పక్క గదిలో ఉండే షరాబు తాత పోయిన మంగళవారం పొద్దున్న చనిపోయాడు. కుళాయికి నీళ్లు వచ్చే వేళ అది. వరసలో ఆయన బిందె ఉంది, మనిషి లేడు. నా భార్య వెళ్లి తలుపు తట్టి, పలక్కపోతే తోసి చూసింది. ఆయన కిటికీ పక్కన గోడకు చేరబడి కూర్చునే ఉన్నాడు. మంచం పట్టలేదు, ఎవరి చేతా సేవ చేయించుకోలేదు. వయసు ఎంతో ఆయనకే సరిగా తెలియదు. డెబ్బై దాటి ఉంటాయని మా అంచనా. సొంతవాళ్లు ఎవరూ లేరు. భార్య ఎప్పుడో దేశంలో, టెక్కలి దగ్గర ఊళ్లో పోయిందని ఒకసారి చెప్పాడు. నేను మళ్లీ అడగలేదు.

ఈ పత్రిక చదివే రంగూను తెలుగువారిలో ఆయన్ని ఎరిగినవారు చాలామందే ఉంటారు. రేవు దగ్గర ఒక మారకం కొట్లో ముప్పై ఏళ్ల పైన పనిచేశాడు. నాణెం మంచిదో కాదో, ఏ దేశానిదో, ఎంత అరిగిందో చూసి చెప్పడం ఆయన పని. ఆయన చెప్పింది తప్పయిన సందర్భం ఎవరికీ గుర్తు లేదు. నాకు ఒకటి గుర్తుంది. ఆ ఒక్క తప్పు మాటను వెనక్కి తీసుకోవడానికి ఆయన చివరి మూడేళ్లూ కష్టపడ్డాడు. ఆ సంగతి చేరవలసిన వాళ్లందరికీ ఇంకా చేరలేదు. అందుకే రాస్తున్నాను.

ముందు మనిషి గురించి చెప్పాలి. పొట్టిగా, ఎముకల గూడులా ఉండేవాడు. రోజూ పొద్దున్న కుడి బొటనవేలిని నిమ్మచెక్కతో రుద్దుకునేవాడు. చర్మం మొద్దుబారితే నాణెం పలకదని చెప్పేవాడు. ఎవరైనా నాణెం చేతికివ్వబోతే పుచ్చుకునేవాడు కాదు. బల్ల మీద నల్లగుడ్డ పరిచి ఉండేది, దాని మీద పెట్టమనేవాడు. బజారులో వంకాయలు కొన్నా ఆ వేలితోనే నొక్కి, పుచ్చు ఉన్నవాటిని పక్కకు నెట్టి, "ఇవి సెల్లవు" అనేవాడు. కూరలమ్మి నవ్వి, తాతా నన్ను కూడా నొక్కి చూస్తావేటని అడిగితే, "నువ్వెప్పుడో సెల్లిపోయినావు" అని సంచీ సర్దుకునేవాడు. అంతకుమించి సరసం ఆయనకు రాదు.

నాణేల సంగతి నాకు ఆయనే నేర్పాడు. బియ్యం గిడ్డంగిలో తూకాలు రాసే నాకు దానితో పనేమీ లేదు. సాయంత్రాలు వసారాలో కూర్చుంటే చెప్పడానికి ఆయనకు వేరే మాటలు ఉండేవి కావు, అంతే. నాణెం ఎత్తుగా ఉన్న చోట ముందు అరుగుతుందని చెప్పేవాడు. రూపాయి మీద రాజు బొమ్మ ఉంటుంది. ముందు చెవి పోతుంది, తర్వాత కిరీటం అంచు, ఆ తర్వాత గడ్డం వెంట్రుకలు. పల్లంలో ఉన్న అక్షరాలు చివరిదాకా నిలబడతాయి. అందుకని నాణెం చేతికి రాగానే ఆయన చూపు, వేలు, రెండూ ముందు ఎత్తు చోటికే పోయేవి. అక్కడ చదునుగా ఉంటే ఇక రెండోసారి చూడనక్కర్లేదు. ముప్పై ఏళ్లు అలాగే చూశాడు. ముప్పై ఏళ్లూ అది సరిపోయింది.

ఎనిమిదేళ్ల కిందటి మాట. చిమిండైంగ్ వైపు ఒక బియ్యం మిల్లులో పెద్ద ఉద్యోగం చేసే దొర ఒకాయన ఉండేవాడు. అన్ని దేశాల చిన్న వెండి నాణేలూ సేకరించడం ఆయన సరదా. మనుషుల చేతుల్లో నలగని నాణెమే ఆయనకు కావాలి. అమెరికా నుంచి వచ్చే ఒక ఓడలోని అధికారి ఆయన కోసం ఒక కొత్త డైము తెచ్చాడు. డైము అంటే మన రెండణాల వెండి బేడ లాంటిది, కాస్త పెద్దది. రేవులో మనవాళ్లు దాన్ని అమెరికా బేడ అనేవారు. కాగితంలో చుట్టి, లక్క ముద్ర వేయకుండా, దొర బట్లరు చేతికిచ్చి పంపాడు. ఆ బట్లరు మనవాడే, గంజాం వైపు మనిషి. రేవు నుంచి ట్రాములో ఇంటికి తీసుకెళ్లి దొరకు ఇచ్చాడు. దొర విప్పి, భూతద్దంతో చూసి, ఇది కొత్తది కాదన్నాడు. బట్లరును వెంటబెట్టుకుని సరాసరి తాత కొట్టుకు వచ్చాడు.

ఆ మధ్యాహ్నం గది తాళంచెవి ఇవ్వడానికి వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను. బట్లరు ఇత్తడి గుండీల తెల్లకోటు వేసుకుని దొర వెనక నిలబడ్డాడు. దొర అడిగింది ఒకటే. ఇది చేతులు మారిన నాణెమా, కాదా?

తాత దాన్ని నల్లగుడ్డ మీద పెట్టి చూశాడు. ఒకవైపు రెక్కల టోపీ పెట్టుకున్న ఆడమనిషి తల. రెండోవైపు గొడ్డలితో కలిపి కట్టిన కర్రల మోపు, చుట్టూ ఆకుల రెమ్మ. మోపుకు నడిమధ్య రెండు పట్టీలు పక్కపక్కనే చుట్టి ఉంటాయి. వాటి మధ్య సన్నని గాడి ఈ చివర నుంచి ఆ చివరకు కనిపించాలి. నాణెం మొత్తానికి ఎత్తు చోటు అదే. ఆ నాణెం మీద గాడి లేదు. రెండు పట్టీలూ కలిసి ఒకే చదును. తాత బొటనవేలు దాని మీద ఒక్కసారి తిరిగింది.

"అరిగింది దొరా. వాడిందే."

బట్లరు ముందుకు వచ్చాడు. గొంతు పెంచలేదు. "తాతా, నాను కాయితం ఇప్పనేదు. ఇంకోపాలి సూడు."

"సూసినాను గదా" అన్నాడు తాత. వెనక నలుగురు ఓడవాళ్లు కాచుకుని ఉన్నారు. ఆయన గుడ్డ దులిపి తర్వాతి మనిషిని పిలిచాడు.

బట్లరును దొర ఆ రోజే పంపించేశాడు. పోలీసులకు చెప్పకపోవడం దయ అనుకున్నాడేమో. కానీ మన తెలుగువాళ్లలో ఆ కబురు ట్రాము కంటే ముందు పరిగెత్తింది. దొర కోసం వచ్చిన కొత్త నాణెం బట్లరు దాచుకుని పాతది ఇచ్చాడని చెప్పుకున్నారు. షరాబు తాత చూసి చెప్పాడంటే ఇంకేముంది? బట్లరుకు మరో ఇంట్లో పని దొరకలేదు. అమెరికా బేడ అని పేరు పెట్టారు. ఆ పేరుకు వసారాలో అందరూ నవ్వితే నేనూ నవ్వాను. అది కూడా రాయాలి.

తర్వాత కొన్నాళ్లకు బట్లరు తాత కొట్టుకు ఎదుట, రోడ్డు అవతల, టీ దుకాణం స్తంభం పక్కన నిలబడటం మొదలుపెట్టాడు. పొద్దున్న వచ్చి కొట్టు మూసేదాకా ఉండేవాడు. తిట్టేవాడు కాదు, లోపలికి వచ్చేవాడు కాదు. తెల్లకోటు పోయింది, మామూలు లుంగీలో ఉండేవాడు. నాణేలు చూడటానికి వెలుతురు రోడ్డు వైపు నుంచే రావాలి గనుక తాత అటు తిరిగే కూర్చోవాలి. తల ఎత్తితే వాడు. టీ దుకాణం బర్మా ఆయన్ను అడిగించాడు. అతనెవరినీ ఏమీ అనడని, నీ బల్ల వైపే చూస్తుంటాడని ఆయన జవాబు పంపాడు.

"నన్ను ఉసురు పెడతన్నాడు" అన్నాడు తాత నాతో ఒక సాయంత్రం. తను చెప్పింది నిజమని అప్పటికి ఆయనకు సందేహం లేదు. అయినా అన్నం సగంలో లేచిపోయేవాడు.

ఒక వానాకాలం బట్లరు రావడం మానేశాడు. ఎక్కడికో పై ఊళ్లకు, మిల్లు పనికి పోయాడని విన్నాం. తాత ఊపిరి పీల్చుకుంటాడనుకున్నాను. అలా జరగలేదు. ఎదుట ఎవరు ఆగినా, వాన తగ్గేదాకా స్తంభం చాటున నిలబడిన మనిషైనా సరే, ఆయన చేతిలో నాణెం ఆగిపోయేది. నేను కొట్టుకు వెళ్తే అడిగేవాడు. "అక్కడెవుడైనా నిలబడ్డాడేటి?" లేడని చెప్పేవాణ్ణి. ఉన్నప్పుడు, ఉన్నాడు గాని వాడు కాదని చెప్పేవాణ్ణి.

మూడేళ్ల కిందట, ఎండలు ముదిరిన రోజుల్లో, అమెరికా ఓడ వంటవాడొకడు మారకానికి ఒక కాగితపు గొట్టం తెచ్చాడు. యాభై డైములు, బ్యాంకులో చుట్టి అతికించినవి. కాగితం ఎవరూ చింపలేదు. తాతే గోటితో చీల్చాడు. నాణేలు నల్లగుడ్డ మీద జారి పడ్డాయి. పాలలా తెల్లగా ఉన్నాయి. పుట్టిన తర్వాత ఒక్క చెయ్యి తగల్లేదు. ఆయన ఒకటి తిప్పి చూశాడు. మోపు నడుమ గాడి లేదు. ఇంకొకటి తిప్పాడు, లేదు. ఇంకొకటి. యాభైలో ఒకటో రెండో తప్ప అన్నీ అక్కడ చదునే. అన్నిటి మీదా మోపు పక్కన ఒకే చిన్న అక్షరం. అది ఏ టంకశాలదో చెప్పే గుర్తు.

అచ్చు దెబ్బ సరిగా పడలేదు. వెండి ఆ ఎత్తుదాకా లేవనే లేదు. అది అరుగుదల కాదు. ఆ గాడి అక్కడ ఎన్నడూ పుట్టలేదు.

ఆ రోజు ఆయన ఎండ దిగకముందే ఇంటికి వచ్చేశాడు. యాభైలో ఒకటి తన డబ్బుతో కొనుక్కుని రుమాలులో తెచ్చాడు. నన్ను కిటికీ దగ్గరకు పిలిచాడు. దాంతోపాటు ఎప్పటిదో, నిజంగా అరిగిన డైము ఒకటి పక్కన పెట్టాడు. పైకి చూస్తే రెంటికీ నడుమ చదునే. ఎండకు పెట్టి నెమ్మదిగా వంచమన్నాడు. కొత్తదాని మీద తళుకు బండి చక్రం ఆకుల్లా తిరిగింది. చదును చోటు మీదుగా కూడా తెగకుండా దాటింది. పాతదాని మీద ఆ చోటుకు వచ్చేసరికి తళుకు ఆరిపోయి, బూడిద రంగు మచ్చలా మిగిలింది. చెయ్యి తగిలి పోయినదాని మీద తళుకు ఉండదు. అచ్చు పడకపోయినదాని మీద ఉంటుంది. ఇంతే తేడా.

"ఆ పొద్దు నాను వంచి సూడనేదు" అన్నాడు. "కాయితంలో ఉండి పసుపెక్కింది. వేలెట్టి సూసినాను, అంతే. ఇంకోపాలి సూడమన్నాడు. నలుగురు కాసుకోనున్నారని సూడనేదు."

మర్నాడు ఇద్దరం ట్రాములో చిమిండైంగ్ వెళ్లాం. దొర తాతను గుర్తుపట్టి మర్యాదగానే మాట్లాడాడు. తాత తన హిందుస్తానీలో సంగతి చెప్పాడు. దొర నవ్వి, తనకు తెలుసన్నాడు. ఆ టంకశాల నాణేలు అలాగే వస్తాయని తనలాంటి సరదా ఉన్న స్నేహితుడొకడు రెండేళ్ల కిందటే ఉత్తరం రాశాడట. బీరువా తెరిచి అరలు చూపించాడు. అన్నిటికంటే పై అరలో చెయ్యి తగలనివి, గాడి పూర్తిగా పడినవి. రెండో అరలో చెయ్యి తగలనివే, కానీ అచ్చు సరిగా పడనివి. మూడో అరలో అరిగినవి. ఆ డైమును మూడో అరలోంచి తీసి రెండో అరలో పెట్టుకున్నానని సంతోషంగా చెప్పాడు. తాత అనుమతి అడిగి దాన్ని కిటికీ దగ్గర వంచి చూశాడు. పసుపు కింద తళుకు తెగకుండా తిరిగింది.

బట్లరు సంగతి అడిగాడు. ఏ బట్లరు అన్నాడు దొర. ఆ తర్వాత ఆయన దగ్గర ముగ్గురు మారారట.

ట్రాములోనే తిరిగి వచ్చాం. మా వీధిలో దిగాక, "బేడని ఓ అర పైకి ఎక్కించినాడు" అన్నాడు. మిగతాది అనలేదు.

బట్లరు భార్య చిమిండైంగ్ బజారులోనే ఎండుచేపలు అమ్ముతోందని నాలుగు రోజులకు కనుక్కున్నాం. వెళ్లేసరికి ఆవిడ ఎండిన సావళ్ల చేపల మీద ఈగలు తోలుతోంది. తాతను చూడగానే పోల్చుకుంది. గోనెపట్టా ముక్క జరిపి, "కూకో" అంది. తాత కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాడు. తను తప్పు చెప్పానని, ఆమె మొగుడు నాణెం మార్చలేదని చెప్పాడు. ఆవిడ వింటూ ఒకామెకు చేపలు కట్టి ఇచ్చింది. బేరం అయిపోయాక ఇటు తిరిగింది.

"ఆయన పోయి మూడేళ్లయింది తాతా. పై ఊర్లో జొరమొచ్చి పోయినాడు."

ఆవిడ మళ్లీ ఈగలు తోలుతూ కూర్చుంది.

"నువ్వు సెప్పినావంటే నిజిమే అనీసుకున్నాడు" అందావిడ. "ట్రాములో టిక్కెట్టుకి జేబులోంచి సిల్లర తీసినాను, అప్పుడే మారిపోనాదేమో అనీవోడు. కాయితం ఇప్పనేదు గదా నువ్వు అని నానంటే, ఇప్పనేదనే అనుకున్నాను, షరాబుకి అబద్దమాడ పనేటి అనీవోడు. ఎవులు సిల్లరిచ్చినా తిప్పి తిప్పి సూసీవోడు. పోయేదాకా అదే ఎతుకులాట."

తాత అడిగాడు. "మరి నా కొట్టుకెదురుగా ఎందుకు నిలబడీవోడమ్మా?"

"ఆ బేడ కోసమే. ఊర్లోకొచ్చిన ఏ దేశం బేడైనా సివరికి నీ బల్లమీదకే వస్తాది గదా. అసలుది వచ్చిన పొద్దు నువ్వు పోల్సి పిలుస్తావని."

నేను తాత మోచెయ్యి పట్టుకున్నాను. పడిపోతాడని కాదు. ఏదో ఒకటి పట్టుకోవాలనిపించింది.

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. ఒక్కటే అడిగింది. వాళ్ల కొడుకు సేక్కాన్ రేవులో బస్తాలు మోసే ముఠాలో పనిచేస్తున్నాడు. వాణ్ణి అక్కడ ఇంకా అమెరికా బేడ అనే పిలుస్తారు. ఆ పేరు అన్నవాణ్ణల్లా కొట్టి రెండుసార్లు పని పోగొట్టుకున్నాడు. జ్వరంలో తండ్రి కబురంపితే కూడా, దొంగ దగ్గరకు నేను రానని వెళ్లలేదు. "ఆళ్లందరి ముందర సెప్పు. ఆడి ముందర సెప్పు" అంది.

ఆ ఆదివారం ముఠా మేస్త్రీ పెరట్లో కూలీలందరూ కూడి ఉన్నప్పుడు తాత వెళ్లి చెప్పాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను. నా బొటనవేలు తప్పు చెప్పింది, బట్లరు దొంగ కాడని రెండుసార్లు చెప్పాడు. అందరూ మర్యాదగా విన్నారు. ఎవరూ నమ్మలేదు. తాత చెప్పింది తప్పు కావడమన్నది వాళ్లకు ఊహకే అందలేదు. మేస్త్రీ, తాతది మెత్తని మనసని, ముండమోపిని చూసి జాలిపడి చెబుతున్నాడని మాకు వినబడేలాగే అన్నాడు. వెనక నుంచి ఒకడు, "ఎన్ని సావళ్లు ఎట్టిందేటి తాతా?" అని అడిగాడు. నవ్వారు. బట్లరు కొడుకు ఓ మూల నిలబడి ఉన్నాడు. తాత వాడి దగ్గరకు వెళ్లి రెండు డైములూ చాపిన చేతిలో చూపబోయాడు. వాడు చూడకుండా బయటకు వెళ్లిపోయాడు.

తన మాటను కాదనడానికి తన మాటే అడ్డమైంది. ఆ రోజు తర్వాత ఆయన చెప్పడం మానేశాడు. చూపించడం మొదలుపెట్టాడు.

ప్రతి ఆదివారం పొద్దున్న చిమిండైంగ్ బజారులో, నదికి దిగే మెట్ల దగ్గర ఎండ పడే చోట, నల్లగుడ్డ పరుచుకుని కూర్చునేవాడు. గుడ్డ మీద రెండే నాణేలు, భూతద్దం. వచ్చినవాళ్లను వీటిలో ఏది చేతులు మారిందో చెప్పమనేవాడు. మొదట్లో రెండూ మారినవే అని చెప్పి పోయేవారు. కొందరు ఇదేదో పందెం అనుకుని ఎంత కాయాలని అడిగేవారు. ఆయన నాణేలు ఎండకు ఎలా వంచాలో మాత్రం చూపించి ఊరుకునేవాడు. తప్పు చెప్పినా ఒప్పు చెప్పినా మాట్లాడేవాడు కాదు. చెప్పేస్తే పోతుంది కదా తాతా అని ఒకసారి నేను విసుక్కున్నాను.

"నాను సెప్పకూడదు" అన్నాడు. "నాను సెప్తే మళ్లీ నన్నే నమ్ముతారు."

ఈ పని కొట్టు యజమానికి నచ్చలేదు. తప్పు చెప్పానని ఊరంతా చాటుకునే షరాబును ఎవరు నమ్ముతారన్నాడు. ఆయన అన్నదాంట్లో అన్యాయమేమీ లేదు. తాత నల్లగుడ్డ మడిచి పట్టుకుని వచ్చేశాడు. అప్పటి నుంచి రెండు పూటలూ అన్నం మా ఇంట్లోంచే వెళ్లేది. నా భార్య గిన్నె గుమ్మంలో పెట్టేది. ఆయన తోమి తెచ్చి మళ్లీ గుమ్మంలోనే పెట్టేవాడు.

మెల్లగా కొందరు చూడటం నేర్చారు. మొదట సరిగా చెప్పింది పక్కన తమలపాకులు అమ్మే బర్మా ముసలావిడ. అందరూ ఆమెను దో మ్యా అనేవారు. పొద్దస్తమానం ఈయన నాణేలు వంచడం చూసి చూసి, ఒక రోజు చుట్ట పక్కన పెట్టి రెండూ తీసుకుని ఎండకు తిప్పింది. ఒకటి దెబ్బ తగిలిన మచ్చ, ఒకటి పుట్టుమచ్చ అంది తన భాషలో. తాత ఆమెకు దండం పెట్టాడు. తర్వాత ఒక కళాసీ చెప్పాడు. చేపల పడవవాళ్లు ఇద్దరు చెప్పారు. ఇదంతా దేనికని అడిగినవాళ్లకు అప్పుడు బట్లరు కథ చెప్పేవాడు. చెప్పి, మీరే చూశారు గదా అనేవాడు. ముఠా మేస్త్రీ కూడా నిరుడు వచ్చాడు. చాలాసేపు తిప్పి చూసి వెళ్లాడు. ఆ తర్వాత తన ముందర ఆ పేరు వాడొద్దని కూలీలకు చెప్పాడట. అయినా దేశం నుంచి కొత్తగా వచ్చిన కుర్రకారు, అదెందుకొచ్చిందో తెలియకుండానే, బట్లరు కొడుకును ఆ పేరుతోనే పిలుస్తున్నారు. పేరు కూడా ఓ పట్టాన అరగదు.

కొడుకు మాత్రం రాలేదు. తల్లి చేపల గంప పది బారల దూరంలోనే ఉండేది. ఆదివారం తల్లికి గంప మోసుకొచ్చి, మెట్ల వైపు చూడకుండా తిరిగి పోయేవాడు. తాత వాణ్ణి ఒక్కసారి కూడా పిలవలేదు. వాడు వెళ్లిన వైపు చూసి నాణేలు మళ్లీ వరసగా సర్దేవాడు. వాడెందుకు చూడడో నాకు చాలాకాలం అర్థం కాలేదు. తండ్రి దొంగ అయినంతకాలం, తను వెళ్లకపోవడానికి ఒక కారణం ఉంది. దాన్ని తీసేస్తే ఏం మిగులుతుందో వాడికి తెలుసు. తాతకు నాకంటే ముందే తెలిసినట్టుంది. ఒకరోజు, "ఆణ్ణి తొందరెట్టకు. నానూ అయిదేళ్లు సూడకుండానే కూకున్నాను" అన్నాడు.

చివరి నెలల్లో ఆయనకు చూపు మందగించింది. తళుకు కనిపించడం లేదనేవాడు. మెట్ల దగ్గర కూర్చుని, జనంలో ఎవరైనా కదలకుండా నిలబడితే, అటు ముఖం తిప్పి నన్నడిగేవాడు. "ఆడేనేటి?" తండ్రి గురించి అడుగుతున్నాడో, కొడుకు గురించో నాకు తెలిసేది కాదు. కాదు తాతా అనేవాణ్ణి. ఒకసారి అవునని చెబితే ఏమవుతుందో చూడాలనిపించింది. చెప్పలేకపోయాను.

పోయిన మంగళవారం దహనానికి ముఠావాళ్లు పదిమంది దాకా వచ్చారు. బట్లరు భార్య వచ్చింది. కొడుకు రాలేదు.

నిన్న ఆదివారం. అన్నాలయ్యాక వసారాలో అడుగుల చప్పుడైంది. వాడే. స్నానం చేసి, తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, "ఆ రెండూ ఉన్నాయేటి బావూ?" అని అడిగాడు. లోపలికి రమ్మన్నాను. రుమాలు మూట విప్పి రెండు డైములూ ఇచ్చాను. ఏది ఏదో చెప్పలేదు. ఎలా వంచాలో చూపించబోతే అక్కర్లేదన్నట్టు తల ఊపాడు. మెట్ల వైపు చూడకుండా పోయిన ఆదివారాల్లో ఎంత చూశాడో నేనెలా చెప్పగలను?

కిటికీ దగ్గరకు వెళ్లాడు. ముందు అరిగినదాన్ని తీసి వంచి, కాసేపటికి చొక్కా జేబులో వేసుకున్నాడు. రెండోది తీశాడు. ఎండ సూటిగా పడుతోంది. బస్తాలు మోసి కాయలు కాసిన వేళ్ల మధ్య అది కనిపించీ కనిపించనట్టు ఉంది. ఎదురు గోడ మీద చిన్న వెలుగు చుక్క పడింది. నా భార్య టీ గ్లాసుతో వచ్చి అక్కడే ఆగిపోయింది. వాడి వీపు మా వైపు ఉంది. ముఖం కనిపించలేదు. చుక్క గోడ మీద కొంచెం పైకి వెళ్లి, కొంచెం కిందికి దిగింది. ఒక చోట నిలబడలేదు. ఎండ ఆ కిటికీ దాటిపోయేదాకా అది అలా వణుకుతూనే ఉంది.